తువ్వాలు కింద చెయ్యి

నెల్లిమర్ల చుట్టుపక్కల సంతల్లో ఒకప్పుడు జగన్నాధం చేతికి పెద్ద పేరు. మొహానికి అంత పేరు లేదు. నలభై ఏళ్లు గోగునార కొన్నాడు గానీ ఒక్క ధర కూడా నోటితో చెప్పి ఎరగడు. రైతు చేతిమీద తువ్వాలు కప్పి, కింద వేళ్లు పట్టుకునేవాడు. ఒక వేలు పడితే ఒకటి, అయిదూ పడితే అయిదు, చెయ్యంతా గట్టిగా ఒత్తితే బేరం ఖాయం. పక్కన నిలబడ్డవాడు ఎంత మెడ సాచినా ఏమీ తెలిసేది కాదు. ఆ తువ్వాలు కింద అబద్ధం ఆడినవాడి చెయ్యి మళ్లీ సంతలో ఎవరూ ముట్టుకోరు. అది కట్టుబాటు.

తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి. ఇవాళ్టి ధర రైతుకి పొలంగట్టు మీదే తెలిసిపోయింది. అరవై రెండేళ్లకి జగన్నాధం ఇంటిపట్టున కూర్చున్నాడు. కుదురుగా కూర్చున్నా బాగుండేది, వంకాయలు అమ్మేవాడి చేతిమీద కూడా తువ్వాలు వెయ్యబోయి తిట్లు తిన్నాడు. భార్య తవిటమ్మ ఆ సంగతి వీధంతా చెప్పి నవ్వింది. అతనూ నవ్వాడు గానీ, తన చెయ్యి ఇంక ఎవరికీ పనికిరాదన్న దిగులు మాత్రం లోపల అలాగే ఉండిపోయింది.

అలాంటప్పుడు విజయనగరంలో ఉష అనే ఆవిడ తగిలింది. వ్యాపారంలో తలపండినవాళ్లని ఆరేసి వారాలు పరాయి దేశాలకి పంపి, అక్కడివాళ్లకి ఉచితంగా మెలకువలు నేర్పించే సంస్థ ఆవిడది. టాంజానియాలో కిత్తలి ఆకుల్లోంచి కిత్తనార తీసి అమ్ముకునే ఆడవాళ్ల సంఘానికి నార బేరం తెలిసిన మనిషి కావాలట.

"మీ స్కిల్స్ ఏమిటో ఇక్కడ రాయండి సార్," అని కాగితం ఇచ్చింది.

జగన్నాధం బాగా ఆలోచించి, 'చెయ్యి' అని రాశాడు. ఉష దాన్ని ఇంగ్లీషులోకి ఎలా మార్చిందో గానీ, నెల తిరక్కుండా టిక్కెట్టు వచ్చింది.

"ఎల్లు బావా, నానేటీ అడ్డు సెప్పను," అంది తవిటమ్మ పెట్టె సర్దుతూ. "గానీ అక్కడంతా ఆడోళ్లేనంట గదా. వచ్చినాక ఏటేటి సేసినావో తువ్వాలు కింద సెప్పాల."

అక్కడ సంఘం పెద్ద నీమా. యాభై ఏళ్ల మనిషి, నిలువెత్తు, గొంతు ఇంకా ఎత్తు. ఊరి టీచరమ్మ ఆవిడ మాటల్ని ఇంగ్లీషులోకి తిప్పితే, జగన్నాధం తన సంత ఇంగ్లీషుతో అందుకున్నాడు. నార తయారయ్యే రోజుకి ముగ్గురు లారీవాళ్లు వస్తారు. మొదటివాడు లారీ మీద నిలబడి ఒక ధర అరుస్తాడు. మిగతా ఇద్దరూ అది విని, దానిమీద పైసా పెంచరు. ఈసారి కూడా అంతే అయితే సంఘంలో ఉన్న ఇరవై రెండుమంది ఆడవాళ్లూ దాన్ని మూసేసి కూలికి పోదామనుకుంటున్నారు. ఇంక నాలుగు వారాలే ఉంది.

జగన్నాధానికి ఒళ్లు మండింది. "నోటితో అరిస్తే అది బేరమేటి, దండోరా గానీ!" అన్నాడు తెలుగులోనే. అంటూనే అలవాటు కొద్దీ భుజం మీది తువ్వాలు తీసి నీమా చేతిమీద కప్పి, కింద వేళ్లు పట్టుకున్నాడు.

నెల్లిమర్ల రైతయితే ధర చెప్పేవాడు. నీమా అతని చెంప పగలగొట్టింది.

చెంప తడుముకుంటూనే జగన్నాధం తన రెండు చేతుల మీదా తువ్వాలు కప్పుకుని, తనే అమ్మేవాడూ కొనేవాడూ అయి మొత్తం ఆడి చూపించాడు. ముందు టీచరమ్మకి వెలిగింది. తర్వాత నీమాకి వెలిగింది. ఒక లారీవాడు చెప్పిన ధర ఇంకో లారీవాడికి కనబడదు! ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వి, ఈసారి తనే వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

వేళ్లకి ఏ భాషా అక్కర్లేదు కాబట్టి చదువు చకచకా సాగింది. ఇరవై రెండుమందీ వరసగా తువ్వాలు కింద చెయ్యి పెట్టారు. చిక్కల్లా మొహంతోనే. "మొహం రాయిలాగుండాల తల్లీ, ఏటీ కనబడకూడదు," అని అతను నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. సంఘం తరఫున బేరం ఆడాల్సిన నీమాకేమో వేలు తగిలితే చాలు, నవ్వు ఆగదు. ఈవిడ కొంప ముంచడం ఖాయమనుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. మొదటి లారీవాడు అరవబోతుంటే నీమా తువ్వాలు చాపింది. ఇదేమిటో చూద్దామని వాడు చెయ్యి పెట్టాడు, టీచరమ్మ చెప్పినట్టు వేళ్లు కదిపాడు. నీమా పడీపడీ నవ్వింది. జగన్నాధం తల పట్టుకుని కూర్చున్నాడు.

అయితే ఆ నవ్వు చూసి రెండోవాడి మొహం పాలిపోయింది. వీడు ఎంత చెప్తే ఈవిడ ఇంతలా నవ్వుతోంది? గబగబా వచ్చి పెద్ద ధరే పట్టాడు. నీమా అంతకన్నా గట్టిగా నవ్వింది. మూడోవాడు పరిగెత్తుకొచ్చాడు. వాడి వెనకాలే మొదటివాడు, ఎవరూ పిలవకుండానే, మళ్లీ చెయ్యి దూర్చాడు. చివరికి నీమా గట్టిగా ఒత్తిన ధర ఆ ఊరు ఎన్నడూ విన్నది కాదు. సంఘం మూసేద్దామన్నవాళ్లే వచ్చే కోతకి ఇంకా ఎక్కువ నార తీద్దామన్నారు.

నలభై ఏళ్లు మొహాన్ని అనవసరంగా రాయి చేసుకున్నానే అని జగన్నాధం నాలిక కరుచుకున్నాడు. మరుక్షణం ఏడుపొచ్చేసింది. తన చెయ్యి పనికొచ్చింది. కళ్లు తుడుచుకుందామంటే తువ్వాలు నీమా దగ్గరుంది. ఆవిడ మళ్లీ ఇవ్వలేదు, అతనూ అడగలేదు.

ఇంటికొచ్చేసరికి తవిటమ్మ చూపు ముందు ఖాళీ భుజం మీద పడింది. "తువ్వాలేది?"

"ఇచ్చీసినాను."

ఆవిడ బీరువాలోంచి కొత్త తువ్వాలు తెచ్చి తన చేతిమీద కప్పుకుంది. "ఇప్పుడు సెప్పు. ఎంతమంది ఆడోళ్ల సెయ్యి పట్టుకున్నావు?"

తువ్వాలు కింద అబద్ధం ఆడకూడదు. జగన్నాధం "పదులు," అని రెండు వేళ్లు పట్టాడు. "ఒకట్లు," అని మళ్లీ రెండు.

తవిటమ్మ పకపకా నవ్వింది. అది కోపమో సంబరమో అతనికి అంతుపట్టలేదు. ఆ లారీవాళ్లు పాపం ఎంత అవస్థ పడ్డారో అప్పుడు తెలిసొచ్చింది. ఈలోగా ఆవిడ అతని రెండు వేళ్లు పట్టుకుంది.

"రెండేటే?"

"టిక్కెట్లు. ఈపాలి నానూ వస్తాను."

జన్మలో మొదటి మాటకి బేరం ఒప్పుకోని మనిషి, ఆ చేతిని గట్టిగా ఒత్తేశాడు.