మూడో కెమెరా

మా మావగారిది రామచంద్రపురం దగ్గర కొబ్బరితోటలో ఇల్లు. నేను పెద్దల్లుణ్ణి. పదహారేళ్ళుగా ఆ ఇంట్లో మోటారు దగ్గర్నుంచి ఫ్రిజ్ దాకా ఏది కొనాలన్నా నన్నడిగాకే కొనేవారు. నేను వెళ్తే ఆయన పడక్కుర్చీలోంచి లేచి నన్ను కూర్చోబెట్టేవారు. ఆ కుర్చీ అంటే నాకు ప్రాణం, దాచడమెందుకు.

పెరట్లో రాశి పోసిన కొబ్బరికాయలు ఎవరో ఎత్తుకుపోతున్నారని కెమెరాలు పెట్టిద్దామన్నారు. నేను తెలిసినవాడిలా చెప్పాను. "రికార్డింగులు దాచే పెట్టె కొంటే రెండు కెమెరాల వరకే ఉచితమండి. మూడోదాన్నుంచి ఒక్కోదానికి లైసెన్సు కొనాలి. లేకపోతే రికార్డవదు." మా ఇంట్లో నేను అలాగే కొన్నాను మరి.

ఆ ఆదివారం మా తోడల్లుడు వచ్చాడు. నాకంటే పదేళ్ళు చిన్న. "లైసెన్సులెందుకండీ మావయ్యగారూ, నేను చూస్తాను" అని నేను చెప్పిన పెట్టెనే కొనుక్కొచ్చి, అందులో ఏదో ఉచిత సాఫ్ట్‌వేరు వేసి, సాయంత్రానికల్లా నాలుగు కెమెరాలు బిగించేశాడట.

మరుసటి వారం నేను వెళ్ళేసరికి పడక్కుర్చీలో వాడున్నాడు. మావగారు పక్కన స్టూలు మీద కూర్చుని, ఫోనులో తన పెరడు తనే చూసుకుని మురిసిపోతున్నారు. "ఫీజన్నదే లేకుండా చేసేశాడండి అల్లుడుగారూ" అన్నారు నాతో.

అందరూ భోజనాలకు లేస్తుంటే, చేతులు కడుక్కునే వంకతో పెరట్లోకి వెళ్ళాను. కాయల రాశి మీదున్న కెమెరా వెనక్కి చేరి వైరు పీకేశాను. వంటింటి చూరు కింద మూడో కెమెరా నావైపే తిరిగి ఉంది. ఉండనీ అనుకున్నాను. ఫోనులో బొమ్మ చూపిస్తే చూపిస్తుంది గానీ, లైసెన్సు లేనిది ఏం రికార్డు చేస్తుంది, నా మొహం.

భోజనాలయ్యాక మావగారు ఫోను తీశారు. "ఇదేంటి, రాశి కనబడ్డం లేదు?"

"ఉచితమంటే అంతేనండి" అన్నాను, నోరు ఊరుకోక.

తోడల్లుడు ఫోను తీసుకుని రికార్డింగు కాసేపు వెనక్కి తిప్పాడు. ఒక్కసారి నావైపు చూశాడు. "వైరు లూజైందండి మావయ్యగారూ. బిగింపు నాదే సరిగ్గా లేదు" అని పెరట్లోకి వెళ్ళాడు.

నేనూ వెనకే వెళ్ళాను. వాడు వైరు తగిలిస్తూ, తలెత్తకుండానే అన్నాడు. "నాలుగూ రికార్డవుతాయండి అన్నయ్యగారూ. నెల దాటితే పాతవి వాటంతటవే చెరిగిపోతాయి. పాస్‌వర్డు నా ఒక్కడి దగ్గరే ఉందిలెండి."

లోపలికొచ్చాక పడక్కుర్చీ చూపించి "కూర్చోండి" అన్నాడు. కూర్చున్నాను. ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది.

ఆ నెల్లాళ్ళూ మావగారి ఫోనొస్తే చాలు, గుండెల్లో రాయి పడేది. వాడు ఎవరికీ చెప్పలేదు. రికార్డింగు చెరిగిపోయింది.

తరవాత ఆ సాఫ్ట్‌వేరు నేనూ నేర్చుకున్నాను, మా ఇంట్లో లైసెన్సులు మానేశాను. కానీ "బిగింపు నాదే సరిగ్గా లేదు" అన్న మాట, ఇంకొకడి తప్పుకి, నా నోట జన్మలో రాదు. అందుకే వాణ్ణి చూస్తే నాకు ఇప్పటికీ మండుతుంది.