బేరమాడిన బహుమతి

ఆ రోజుల్లో మా మంగళగిరిలో ఎవరైనా మొదట చెప్పిన ధరకే చీర కొనుక్కుపోతే, పాపం ఒంట్లో బాగాలేదేమో అనుకునేవాళ్లం. మాది చీరల కొట్టు. గల్లాపెట్టె పక్కనే కూర్చుని నేను అక్షరాలు దిద్దుకున్నాను. అందుకే గుంటూరులో డిగ్రీ చివరి ఏడు, మా కాలేజీవాళ్లు విద్యార్థుల ఉత్తమ పరిశోధనా వ్యాసానికి అవార్డు ప్రకటిస్తే, అందరూ పత్తి పురుగు మీదా మిర్చి ఎగుమతుల మీదా పడ్డారు, నేను బేరం మీద రాశాను. ("బేరానికి కూడా బహుమతులిస్తారటే?" అని మా మేనత్త బుగ్గలు నొక్కుకుంది.) నా సిద్ధాంతం ఒకటే: ధర నచ్చక లేచి వెళ్లే మనిషిని కొట్టువాడు వెనక్కి పిలిచి తీరతాడు. మా కొట్టు మెట్ల మీద నేను కళ్లారా చూసిన సత్యం అది.

నాన్న ముందే తేల్చేశాడు. "అవార్డు తెచ్చావా, ఎమ్మేలో చేరు. తేలేదా, కొట్లో కూర్చో."

ఒకరోజు ఎకనామిక్స్ మాస్టారు స్టాఫ్ రూముకి పిలిచారు. "బాగా రాశావమ్మా. నీకూ, ఆ పత్తి పురుగు అబ్బాయికీ చెరి సగం ఇద్దామనుకుంటున్నాం" అన్నారు. నాన్న సంగతి తెలుసు కదా, సగం అవార్డుకి సగం ఎమ్మేయే చదివిస్తాడు! "ఇస్తే మొత్తం ఇవ్వండి సార్, లేకపోతే వద్దులెండి" అనేశాను. "కుదరదమ్మా" అన్నారు. అంతే, నమస్కారం పెట్టి ఠీవిగా బయటికి నడిచాను.

వరండాలో మాత్రం మెల్లగా నడిచాను. బాగానే ఉన్న చెప్పుని వంగి సరిచేసుకున్నాను. నోటీసు బోర్డు మీద ఎప్పుడో అయిపోయిన పరీక్షల టైమ్ టేబుల్ శ్రద్ధగా చదివాను. పిలుపు రాలేదు. లోపల్నుంచి టీ గ్లాసుల చప్పుడు మాత్రం వినిపించింది. ఎమ్మే చేయిజారిపోతోందని కాళ్లకి ముందు తెలిసినట్టుంది, అవే వెనక్కి తిరిగాయి.

"గొడుగు మర్చిపోయాను సార్."

"నువ్వు గొడుగు తేలేదుగా." ఆయన టీ ఊదుకుంటూ నవ్వారు. "నీ వ్యాసం పూర్తిగా చదివానమ్మాయ్, అందుకే పిలవలేదు. ఇప్పుడేం తేలింది?"

"మీకు అమ్ముకోవాల్సిన అవసరం లేదు సార్. కావలసింది నాకే."

"అదీ! వ్యాసంలో అదే లేదు. రాసుకురా, చూద్దాం."

(చూద్దాం అంటే మా బజారులో బేరం కుదిరినట్టే.)

ఆ ఒక్క పేజీతో అవార్డు మొత్తం నాకొచ్చింది. పత్తి పురుగుకి ప్రోత్సాహక బహుమతి దక్కింది. నాన్న మాట తప్పలేదు. కాకపోతే హాస్టల్ ఫీజు దగ్గర వార్డెన్‌కి చుక్కలు చూపించాడు.

ఇప్పుడు తలుచుకుంటే, ఆ వరండాలో చెవులు వెనక్కి పెట్టుకుని నడుస్తున్న పిల్ల మీద నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఆ మాస్టారి స్థానంలో నేనుంటే గడప దాటకముందే పిలిచేసేదాన్ని, నష్టానికైనా సరే.