నలభై నిమిషాల కోట

రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కిన తరువాతి చలికాలంలో నన్ను వరంగల్ శాఖకు అసిస్టెంట్ మేనేజరుగా వేశారు. మాది ప్యాకేజీ టూర్ల కంపెనీ. శాఖ అంటే పెద్దగా ఊహించుకోకండి: హన్మకొండలో జిరాక్స్ సెంటర్ మీద ఒక గది, అందులో ఒక బల్లి, నేను. సర్వీసులో బల్లే సీనియర్.

మా బస్సు పొద్దున్నే హైదరాబాద్‌లో బయలుదేరి వేయిస్తంభాల గుడి, ఖిలా, రామప్ప చూపించి రాత్రికి తిరిగి తీసుకుపోయేది. ఎక్కడ ఎంతసేపు ఆగాలో రాసిన కాగితాన్ని రూట్ చార్ట్ అంటారు. కాకతీయుల శాసనాల్లోనైనా నాలుగు అక్షరాలు అరిగాయి గానీ, దాంట్లో ఒక్క నిమిషం అరగదు. అందులో ఖిలాకు రాసింది నలభై నిమిషాలు. మూడు ప్రాకారాలు, నాలుగు తోరణాలు ఉన్న కోటకు నలభై నిమిషాలు! మా ఇంట్లో నేను కళ్లజోడు వెతుక్కోవడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది. జనం తోరణం ముందు ఫోటో దిగి, బస్సెక్కి, హైదరాబాద్ నుంచి వచ్చిన డబ్బాలో అన్నం తిని, హైదరాబాద్ సీసాలో నీళ్లు తాగేవాళ్లు. వరంగల్‌కు మిగిలేది ఖాళీ డబ్బాలు.

కోట లోపలి ఊళ్లో సారమ్మ మెస్ పెట్టింది. పరకాలలో హాస్టల్ వంటపని మానుకుని మరీ వచ్చింది. బస్సును భోజనానికి ఆపిస్తానని నేనిచ్చిన మాటే ఆమె ధైర్యం. కనబడినప్పుడల్లా నిలదీసేది.

"ఏంది సారూ, మీ బస్సోళ్లు మా రాళ్లను జూసి పోతాండ్రు. రాళ్ల పక్కన మనుషులు గూడ ఉన్నరని జర చెప్పరాదుండ్రి?"

"ఫికర్ చేయకు సారమ్మా, ఆగుతది" అనేవాణ్ని.

కొత్త హాల్ట్ కావాలంటే శాఖ ప్రతిపాదన పంపాలి, ప్రధాన కార్యాలయం ఒక ట్రయల్‌కు ఒప్పుకోవాలి, ప్రయాణికులు అభిప్రాయ పత్రాల్లో బాగుందని రాయాలి. అనుమతి రావడానికి పట్టిన కాలంలో కాకతీయులైతే నాలుగో ప్రాకారం లేపేసేవారు.

ట్రయల్ రోజున సారమ్మ గిన్నెకు ఒత్తి కాల్చిన సర్వపిండి, జొన్నరొట్టెలు, నాటుకోడి కూర, పచ్చిపులుసు చేసింది. ఎనుమాముల మార్కెట్ మిర్చి దంచి వేసిన ఆ ఘాటుకు తోరణం మీది రాతి హంసలు తుమ్మాయి. ప్రమాణం చేసి చెబుతాను.

బస్సు వచ్చింది. నాకంటే ఒక మెట్టు పైవాడైన టూర్ మేనేజరు దిగీ దిగకముందే డబ్బాలు పంచమన్నాడు. నేను అనుమతి కాగితం చూపించాను.

"పర్మిషన్ హాల్ట్‌కి సార్. మీల్‌కి కాదు" అన్నాడు.

నా వెనక నుంచి సారమ్మ గరిటెతో సహా ముందుకొచ్చింది. "గట్లనా బిడ్డా? మరి ముప్పై అయిదు మంది తిండి నువ్వొక్కనివే తింటవా? కూసో, వడ్డిస్త."

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఈలోగా ఒక పెద్దావిడ కిటికీలోంచి, "ఆ కమ్మటి వాసన ఎక్కడిది నాయనా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా దిగిపోయింది. ఆమె వెనక బస్సంతా దిగింది. డ్రైవరు అందరికంటే ముందే కూర్చున్నాడు. ముక్కులు కారుతుండగా మళ్లీ మళ్లీ వడ్డించుకున్నారు. తిన్నది అరగడానికి నడిచారు. నడిచారు కాబట్టి మిగతా తోరణాలు చూశారు, దారిలో జంపఖానాలు బేరమాడి కొన్నారు. అభిప్రాయ పత్రాల్లో చోటు చాలక వెనక పేజీలోనూ రాశారు.

నెల తిరక్కుండా ప్రధాన కార్యాలయం నుంచి రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది, బస్సును ఆలస్యం చేసినందుకు నాకు మెమో. రెండోది సర్క్యులర్: ప్రయాణికులు సారమ్మ వంటను విశేషంగా మెచ్చుకున్నందున ఇకపై భోజనం డబ్బాలో 'సారమ్మ సర్వపిండి' ఇస్తారట. తయారీ హైదరాబాద్ వంటశాలలో. తినడానికి దిగే అవసరం లేదు కనుక ఖిలా హాల్ట్ ముప్పై నిమిషాలకు కుదింపు! ఆమె పేరు వాడుకోవడానికి ఆమెను మాటమాత్రంగానైనా అడిగిన పాపాన పోలేదు.

ఒక డబ్బా తెచ్చి సారమ్మకు చూపించాను. ఒక ముక్క కొరికి, పక్కన పెట్టేసింది.

"నా పేరు బస్సెక్కింది సారూ. నేనే ఎక్కలె" అంది. డబ్బా మూసి నా చేతికిస్తూ, "హాస్టల్ల నా జాగల వేరేటామెను పెట్టుకున్నరు. ఇప్పుడు నేనేడికి పోవాలె?" అని అడిగింది.

కార్యాలయానికి పదిహేడు ఉత్తరాలు రాశాను. అందినట్టు పదిహేడు రసీదులు వచ్చాయి. ఆ ఎండాకాలం మెస్ మూతపడింది. ఆ తరువాత, యాభై నాలుగేళ్ల వయసులోనే నేను స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను.

గుడీ కోటా జనాన్ని ఊరిదాకా తీసుకొస్తాయి. వాటి పని అంతే. వచ్చినవాళ్లు ఎంతసేపు ఉండాలో, ఎవరి చేతి అన్నం తినాలో ఆ ఊరి మొహం చూడని మనిషి ఒక కాగితం మీద రాస్తాడు. ఊరికి నాలుగు మెతుకులు రాలతాయో లేదో ఆ కాగితాన్ని బట్టే ఉంటుంది. కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పేది ఒక్కటే: హాల్ట్ రూట్ చార్ట్‌లోకి ఎక్కేదాకా, మీ మాట మీద ఎవరి చేతా ఉన్న పని మాన్పించకండి.