చాచా నోట నేను పెట్టిన మాటలు

ఆ రోజుల్లో మా మెట్‌పల్లిలో కథలు రాసేవాడంటే పనీపాటా లేనివాడని లెక్క. నాకు బడిపంతులు ఉద్యోగం ఉండేది కనుక, పని ఉండి కూడా చెడిపోయానని మావాళ్ళు ఇంకొంచెం ఎక్కువే బాధపడేవారు. నాకు ఇరవై రెండేళ్ళు. లోకంలో తెలియనిదేదీ లేదని గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఎద్దు చచ్చిపోయిన ఒక రైతు మీద కథ రాసి మద్రాసు పత్రికకు పంపాను. అందులో రైతు పెళ్ళాం వైపు తిరిగి, "ప్రాణేశ్వరీ! విధి మనపై పగబట్టినది. ఇక మన బ్రతుకు చుక్కాని లేని నావయే కదా!" అంటాడు. (మా ఇంట్లో ఎద్దు చచ్చిన రోజు మా బాపు అన్నది ఒక్కటే మాట: "గా గడ్డి ఎవలికన్న ఇచ్చెయ్యుండ్రి." నేను పక్కనే ఉండి విన్నాను. కానీ దాన్ని సంభాషణ అంటారని నాకు తోచలేదు.)

కథ తిరిగొచ్చింది. అంచున ఎర్ర సిరాతో సంపాదకుడు, "రైతులు ఇలా మాట్లాడరు. జనం మధ్య కూర్చుని వినండి. అప్పుడు మరో కథ పంపండి" అని రాశాడు. వినడమే కదా, అదెంత పని! కొత్త నోటుబుక్కు కొనుక్కుని బడి వదలగానే చాచా హోటల్‌కు వెళ్ళి కూర్చున్నాను.

చాచా ఎవరికి చాచా అని అడగకండి, ఊరందరికీ చాచానే. బస్సులు ఆగేచోట నాలుగు బల్లలు, ఒక పొయ్యి, అదే హోటల్. ఇంట్లో ఐదుగురు పిల్లలకు ఆ పొయ్యే ఆధారం. ఊళ్ళో మాటలన్నీ అక్కడే పుట్టేవి, అక్కడే తగువులాడుకునేవి. అందరికంటే పెద్ద గొంతు పసుపు పటేల్‌ది. ఆయన పసుపు అమ్మడానికి వచ్చి, తూకం వేసేవాడి ఏడు తరాలనూ తిట్టి, చాయ్ తాగి వెళ్ళేవాడు. నేను మూలబల్ల దగ్గర కూర్చుని, ఎవరితోనూ ఒక్క మాటా మాట్లాడకుండా, చెవులు రిక్కించి, విన్నది విన్నట్టు రాసుకోసాగాను.

పోలీసు చర్య జరిగి ఇంకా ఎన్నో ఏళ్ళు కాలేదు. ఎవడు ఏ పార్టీ, ఎవడి ఇంట్లో ఎవడు తలదాచుకున్నాడు అని ఆరాలు తీసే కాలం. పైగా పండినదాంట్లో సర్కారుకు కొలవాల్సిన లెవీ వడ్ల గొడవ. అటువంటప్పుడు ఒకడు మూల కూర్చుని జనం మాటలు రాసుకుంటుంటే వాణ్ణి సీఐడీ అనక రచయిత అంటారా? నాకు తప్ప ఊరందరికీ ఆ సంగతి అర్థమైపోయింది. మూడో రోజునుంచి హోటల్లో మాటల తీరే మారింది. పసుపు పటేల్ నా బల్ల వైపు తిరిగి, గొంతు సవరించుకుని, "మన సర్కారు శాన మంచిది. తహసీల్దార్ సాబైతే దేవుడే!" అన్నాడు. పక్కవాడు, "గా తూకమేసేటాయన గూడ దేవుడే" అన్నాడు. నేను సంబరంగా రాసుకున్నాను. వారం తిరిగేసరికి నోటుబుక్కు నిండా దేవుళ్ళే.

ఒకనాడు పటేల్ ఏకంగా మా ఇంటికే వచ్చి, గుమ్మడికాయ దింపి, మా అవ్వతో, "చెల్లె, నేను లెవీ వడ్లు దాయలేదని మీ పోరనికి జర చెప్పు" అన్నాడు.

"మావోడు కతలు రాస్తడు పటేలా" అంది అవ్వ.

"గాళ్ళందరు కతలే రాస్తరు చెల్లె. గందుకే భయం" అన్నాడాయన.

ఆ తర్వాత జనం హోటల్‌కు రావడమే మానేశారు. పాలు విరిగిపోయేవి. నేను మాత్రం రోజూ వెళ్ళి, ఖాళీ బల్లల మధ్య కలం పట్టుకుని కూర్చునేవాణ్ణి. చివరికి చాచా పొయ్యి దగ్గరనుంచి లేచొచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఇగో పంతులు! ఇరవై ఏండ్ల సంది గీ పొయ్యి కాడ నిలవడ్డ. రజాకార్లు వచ్చిన్రు, మిల్ట్రీ వచ్చింది, ఒక్కనాడు గిరాకి బంద్ గాలే. నువ్వొక్కనివి కలం పట్టి కూసున్నవ్, నా హోటల్ బొందల వడ్డది! నా పోరగాండ్లకు నీ కాయిదాలు వండి పెట్టాల్నా? నోరు తెర్వనోని ముంగట ఎవడన్న నోరు తెరుస్తడా? అరె, ఇంకా రాస్తనే ఉన్నవా?"

నిజమే, రాస్తూనే ఉన్నాను. సిగ్గుతో కలం పడేశాను. ఆ ఐదుగురు పిల్లల మొహాలు కళ్ళముందు మెదిలి, నా మీద నాకే అసహ్యం వేసింది. మరునాడు పసుపు పటేల్‌ను, మరో నలుగురినీ బతిమాలి హోటల్‌కు తీసుకొచ్చి, నేను సీఐడీని కానని రుజువుగా మద్రాసునుంచి తిరిగొచ్చిన కథను అందరిముందూ పైకి చదివాను. 'ప్రాణేశ్వరీ' దగ్గర పటేల్‌కు పొలమారింది. 'చుక్కాని' దగ్గర బల్లలు కదిలిపోయాయి. "సీఐడీ కాదు గీదు కాదు, గింత అధ్వాన్నంగ రాసేటోన్ని ఏ సర్కారు పెట్టుకుంటది?" అని ఆయన తీర్పు చెప్పాడు. హోటల్ మళ్ళీ నిండింది. తూకం వేసేవాడు మళ్ళీ దేవుడి పదవి పోగొట్టుకున్నాడు.

ఆ తర్వాత నేను చాచా కథే రాశాను, ఆయన తిట్టిన మాటలతోనే. తీరా పోస్టు చేసేముందు చేయి ఆగింది. చదివేవాళ్ళు పట్నంవాళ్ళు, చాచాను మోటువాడనుకుంటారేమో అని జాలిపడ్డాను. (జాలి కాదు. నన్ను మోటువాడనుకుంటారని భయం.) కూర్చుని, ఒక్కొక్క మాటా కడిగి ఆరేశాను. కథ అచ్చయింది! 'సంభాషణలు అతి సహజం' అని సంపాదకుడి మెచ్చుకోలు కూడా.

చాచాకు ఉర్దూ తప్ప చదవడం రాదు. పత్రిక పట్టుకెళ్ళి నేనే వినిపించాను: "అయ్యా ఉపాధ్యాయులవారూ! నా వ్యాపారము క్షీణించుచున్నది. దయయుంచి మీ లేఖనమును విరమింపుడు." చాచా గరిటె పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు.

"పాపం, మంచోడే ఉన్నడు" అన్నాడు. "గని గట్ల మాట్లాడ్తె హోటల్ ఎట్ల నడుస్తది పంతులు? ఎవడు గాయన?"

ఆయన నీవే చాచా అనాల్సింది పోయి, పత్రిక మడిచి చంకలో పెట్టుకున్నాను.

"గాయన మద్రాసు దిక్కు మనిషి చాచా" అన్నాను.

"అల్లా మేలు జెయ్యాలె" అని చాచా మళ్ళీ చాయ్ కాచడంలో పడ్డాడు. ఇప్పుడు ఆ తిట్టు ఉన్న కాగితమూ లేదు, తిట్టిన చాచా కూడా లేడు. నా కథల్లో మాటలు బాగుంటాయని ఎవరైనా అన్నప్పుడల్లా, ఆ పత్రిక చంకలో పెట్టుకుని ఛాతీ విరుచుకుని ఇంటికి నడిచిన ఇరవై రెండేళ్ళ పంతులు గుర్తొస్తాడు. వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది, ఆ వెంటనే చాచా గుర్తొచ్చి మనసు కలుక్కుమంటుంది.