గుడి ప్రశ్న

తొంభైల్లో నేను పీహెచ్‌డీ కోసం భక్తి మీద పరిశోధన చేశాను. భజనల్లో, పురాణ కాలక్షేపాల్లో పెరిగినదాన్ని కాబట్టి, "నెలకెన్నిసార్లు గుడికి పోతరు?" అని అడిగితే భక్తి తెలిసిపోతుందనుకున్నాను. చొప్పదండిలో ఆ ప్రశ్న బాగానే పనిచేసింది. ఉట్నూర్ దగ్గర ఒక గోండు గూడెంలో మాత్రం ముసలమ్మ ఒకామె నవ్వింది.

"మా దేవుడు ఏడాదికోసారి బయటికొస్తడు బిడ్డా. రోజూ పోయి పరేషాన్ చేస్తమా?"

గుడి ప్రశ్నతో పాటు నమ్మకం మీదా కొన్ని ప్రశ్నలు అడిగాను; రెండు చోట్ల జవాబులనూ ఒకే గణాంక సమీకరణాల నమూనాలో పెట్టి, గుంపుకు గుంపు పోల్చి చూశాను. చొప్పదండిలో గుడికి వెళ్లడం, నమ్మకం కలిసి నడిచాయి: ఒకటి పెరిగితే రెండోదీ పెరిగింది. గూడెంలో ఆ రెండింటికీ పొత్తే లేదు. అలాంటి కొలతతో రెండు ఊళ్లను పక్కపక్కన నిలబెట్టకూడదు.

ఆ మాటే చెబితే మా గైడు వినలేదు. "గా రెండు కలిపెయ్యమ్మా. గోండులకు భక్తి తక్కువని రాయి, రేపే సంతకం పెడ్త."

"వాళ్లకు భక్తి ఉంది సార్. నా ప్రశ్నకే అది అందలే."

"గట్లయితే ఇంకో ఏడాది తిరుగు."

"తిరుగుత సార్."

దేవుడి పేరు మీద దొంగ తూకం వేయడం నాకెవరూ నేర్పలేదు. మర్నాడే ఉట్నూర్ జీపెక్కి ఆ ముసలమ్మ ముంగిట్లో కూర్చున్నాను.

"మీ భక్తి గురించి ఏమడగాల్నో నువ్వే చెప్పు అవ్వా," అని ఖాళీ కాగితం తీశాను.