అందరి నాడీ ఎనభై నాలుగే

"అది నా బిడ్డ గుండె కాదక్కా. లోపల ఇంకెవరో ఉండారు. నేను భయపడితే అది పరిగెత్తతాది. నేను ఊరుకుంటే అదీ నెమ్మదిస్తాది. నన్నే కనిపెట్టుకోని ఉండాది."

మంచం మీద పడుకున్న వనజాక్షి ఈ మాట అన్నప్పుడు ఆమె పొట్ట మీద డాప్లర్ పెట్టి నిలబడి ఉన్నది డాక్టర్ కెజియా. అరచేతిలో పట్టే ఆ చిన్న యంత్రంలోంచి, తడిమట్టి మీద గుర్రం పరిగెడుతున్నట్టు చప్పుడు వస్తూనే ఉంది. అంకె నూట ముప్పై నాలుగు. కడుపులో బిడ్డ గుండె నిమిషానికి నూట పది నుంచి నూట అరవై దాకా కొట్టుకోవాలి. ఇది సరిగ్గా ఆ మధ్యలోనే ఉంది.

పక్కనే నిలబడిన అత్తగారు పోలేరమ్మ కోడలి మీద విరుచుకుపడింది. "నీ నోట్లో ఉప్పు పొయ్య! కాన్పుకొచ్చి ఆ మాటలేందిమే?"

"పొద్దుట్నించీ ఇదే పాట మేడమ్," అంది నర్సు ఇందిరమ్మ. "చెప్పండి, అంతా బాగుందని."

అదే చెప్పాలి. ఆ మాట కెజియా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఏడాదిన్నర కిందట ఇంకో తల్లికి ఆమె సరిగ్గా ఆ మాటే చెప్పింది.

కెజియాది బిట్రగుంట. నాన్న సమాధానం రైల్వేలో ట్రాక్‌మన్. అమ్మ ఎవాంజెలిన్ కాలనీ ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది. ఎంబీబీఎస్ అయ్యాక రెండుసార్లు పరీక్ష రాసి, నెల్లూరులో ప్రసూతి విభాగంలో పీజీ సీటు తెచ్చుకుంది. "డాక్టరమ్మ అయిపోయింది గదా, ఇంకా ఏం చదువు?" అని కాలనీలో ఎవరైనా అడిగితే, "ఇన్నాళ్లూ మందులు ఎట్ట రాయాల్నో నేర్చుకునింది. ఇప్పుడు నిద్ర లేకుండా ఎట్ట నిలబడాల్నో నేర్చుకుంటాది" అనేవాడు సమాధానం. ఆయన నవ్వులాటకు అన్నా అది నిజమే. మొదటి ఏడాది కెజియా ముప్పై ఆరు గంటల డ్యూటీలు చేసింది, నిలబడే ఇడ్లీ తిన్నది, ఖాళీ స్ట్రెచర్ కనబడితే దాని మీదే ఒరిగింది.

అందరికంటే చిన్న పీజీ చేయాల్సిన పని ఒకటుంది. నొప్పులు పడుతున్న ప్రతి తల్లి దగ్గరికీ అరగంటకోసారి డాప్లర్ తీసుకుని వెళ్లాలి. బిడ్డ గుండె విని, అంకె రాయాలి. కేస్ షీట్లో దాని పక్క గడిలో తల్లి నాడి ఉంటుంది. ఆ గడిని ఎవరో ఒకరు ముందే నింపేసి ఉంచుతారు. అందులో ఎప్పుడూ ఎనభై నాలుగే. ఈ అలవాటు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఎనభై అని రాస్తే ఊరికే రాసినట్టుంటుంది. ఎనభై నాలుగంటే పట్టుకుని చూసి రాసినట్టుంటుంది. ముప్పై మంచాల వార్డులో ముప్పై మంది నాడీ ఎనభై నాలుగే. అది తప్పని ఎవరికీ తోచేది కాదు, కెజియాకూ తోచలేదు.

ఆ రోజుల్లో చిల్లకూరు వైపునుంచి ఒకామె కాన్పుకు వచ్చింది. కెజియా డాప్లర్ పెట్టింది. నూట ముప్పై ఆరు. చప్పుడు ఆమెకూ వినిపించింది. "ఎంత ఆత్రమో చూడండి మేడమ్, అచ్చం వాళ్ల నాయనే" అని నవ్వింది. "అంతా బాగుందమ్మా" అని కెజియా కూడా నవ్వి రాసుకుని వెళ్లిపోయింది. నలభై నిమిషాల తర్వాత బిడ్డ పుట్టాడు. ఒంటి మీద చర్మం ఎక్కడ పట్టుకుంటే అక్కడ ఊడి వస్తోంది. పిల్లల డాక్టరు ఒక్క చూపు చూసి, బిడ్డ పోయి కనీసం రెండు రోజులైందన్నాడు.

"విన్నావా, ఊరికే రాశావా?" అని అడిగింది యూనిట్ చీఫ్.

"విన్నాను మేడమ్."

"రెండు రోజుల కిందట ఆగిపోయిన గుండెను విన్నావా?"

యంత్రం ఒక్కోసారి తల్లి గుండెనే బిడ్డదిగా పట్టి చూపిస్తుందని పుస్తకంలో ఉంది. కెజియా పరుగున వెళ్లి కేస్ షీట్ తీసి చూసింది. తల్లి నాడి, ఎనభై నాలుగు. ఎనభై నాలుగు నూట ముప్పై ఆరు ఎలా అవుతుంది? అంటే అది తల్లిదీ కాదు. బిడ్డదీ కాదు. ఆ గదిలో కొట్టుకున్న గుండె ఇంకెవరిదో తేలలేదు.

అందరూ ఆమె వినకుండానే రాసిందనుకున్నారు. విన్నానని ఆమె ఒక్కదానికే తెలుసు. ఆ తర్వాత ఆ చప్పుడు ఆమెను వదల్లేదు. హాస్టల్లో నీళ్ల మోటారు వేస్తే అందులో వినిపించేది. బిట్రగుంట వెళ్లి అమ్మ పక్కన కూర్చుంటే కుట్టుమిషనులో వినిపించేది. వాచీ చూసి లెక్కపెడితే నూట ముప్పై ఆరు వచ్చేది. ఇంకోసారి లెక్కపెట్టాలంటే ధైర్యం చాలేది కాదు. "కళ్ల కింద ఆ నలుపేందమ్మా?" అని ఎవాంజెలిన్ అడిగితే డ్యూటీలని చెప్పి తప్పించుకుంది. అప్పటినుంచి తల్లులకు వినబడకుండా డాప్లర్ సౌండు తగ్గించి, తనే చెవి దగ్గర పెట్టుకుని వినేది.

రెండో ఏడాదిలో పీజీలు మూడు నెలలు బయటి ఆసుపత్రుల్లో పనిచేయాలి. కెజియాను సూళ్లూరుపేట దాటి, పులికాట్ సరస్సు వైపున్న ఒక ఆసుపత్రికి వేశారు. అక్కడి డాప్లర్‌కు సౌండు తగ్గించే చక్రం ఊడిపోయింది. అందుకే ఆ నవంబరు ఆదివారం మధ్యాహ్నం వనజాక్షి కూడా ఆ చప్పుడు విన్నది.

వనజాక్షిది సరస్సు ఒడ్డు పల్లె, తొలి కాన్పు. ముందురోజు పొద్దున్నే ఉమ్మనీరు పోయింది. వానకు దారి మునగడంతో ఆటో దొరికేసరికి రోజు గడిచింది. నిలువునా తడిసి, వణుకుతూ వచ్చింది. ఒళ్లు పట్టుకుంటే చల్లగా తగిలింది. ఇందిరమ్మ బట్టలు మార్పించి, షీటు రాసి, మంచం ఎక్కించింది. లేబర్ రూమ్‌లో ఆ రోజు ఆమె ఒక్కతే. కిటికీ బయట ఆకాశం, సరస్సు ఒకే బూడిదరంగులో కలిసిపోయి ఉన్నాయి. రెండు గంటలకే లైటు వేయాల్సి వచ్చింది.

ఇప్పుడు కెజియా షీటు తీసి చూసింది. నాడి, ఎనభై నాలుగు.

"వనజా, ఒక్కసారి గట్టిగా గాలి పీల్చి బిగబట్టు."

వనజాక్షి బిగబట్టింది. గుర్రం నెమ్మదించింది. నూట ఇరవై ఎనిమిది. వదిలింది. మళ్లీ పరుగు.

"చూసినావా అక్కా? మన మాటలు ఇంటా ఉండాది," అంది వనజాక్షి గుసగుసగా.

కెజియా డాప్లర్ పైకెత్తింది. చప్పుడు ఆగింది. వాన ఒక్కటే వినిపిస్తోంది. కోడలిని అప్పటిదాకా తిట్టిన పోలేరమ్మ మెల్లగా మంచం దగ్గరికి వచ్చింది.

"డాక్టరమ్మా, నీకూ అనుమానంగానే ఉండాదా?"

"ఏమో పెద్దమ్మా. ఇది ఎవరిదో నాకు తెలియడం లేదు."

ఒక డాక్టరు రోగి బంధువులతో అనే మాట కాదు అది. ఇందిరమ్మ ఉలిక్కిపడి చూసింది. పోలేరమ్మ మాత్రం, అలాంటి మాట ఇంతకుముందు విన్నదానిలా తలూపింది.

"మా నాయన తెడ్డు నీళ్లలోకి దించి, పిడికి చెవి ఆనించి చేపల కూత ఇనేవాడు. కొత్తోళ్లు ఇంటే అందరూ మోసపోతారు. చెవి ఆనించంగానే దడదడమంటాది. చేపలు మందగా ఉండాయని వల దించేస్తారు. ఒట్టి వల పైకొస్తాది. వాళ్లు ఇనింది చేపను కాదు, వాళ్ల నెత్తురు చప్పుడే. అందుకని మా నాయన ఒక చెయ్యి మెడ నరం మీద పెట్టుకోమనేవాడు. ఈ చప్పుడూ ఆ నరమూ కలిసి అడుగేస్తే అది నువ్వే. కలవకపోతేనే చేప."

"ఈమె నాడి చూశారు పెద్దమ్మా. ఎనభై నాలుగు."

"ఎవురు చూసినారు?"

కెజియా ఇందిరమ్మ వైపు చూసింది. ఇందిరమ్మ కిటికీ వైపు చూసింది.

కెజియా డాప్లర్‌ను మళ్లీ పొట్ట మీద పెట్టి, రెండో చేతి తొడుగు పళ్లతో లాగేసి, వనజాక్షి మణికట్టు పట్టుకుంది. ఇప్పుడు ఒళ్లు కాలిపోతోంది. చలితో వణికిందనుకున్నది జ్వరం వచ్చే ముందటి వణుకు. యంత్రంలో గుర్రం, వేళ్ల కింద గుర్రం. రెండింటిదీ ఒకే అడుగు. అందులో బిడ్డ లేదు.

మణికట్టు వదలకుండా డాప్లర్‌ను జరిపింది. బొడ్డు పక్కన ఏమీ లేదు. కుడివైపు ఏమీ లేదు. ఎడమవైపు బాగా కిందికి, తొడ మొదలుకు కాస్త పైన, ఎవరో చాలా దూరంలో మూసిన తలుపు తడుతున్నట్టు ఒక చప్పుడు. ఆగి, ఇంకొకటి. వేళ్ల కింది పరుగుతో దానికి పొత్తే లేదు. లెక్కపెట్టింది. ఎనభై రెండు. బిడ్డ ఉంది. ఉండి, ఓడిపోతూ ఉంది.

ఫోను చేస్తే వెనక క్వార్టర్సులో ఉన్న పెద్ద డాక్టరమ్మ ఎత్తింది. అంతా విని, "కెజియా, ఎనభై రెండంటే అది తల్లిదమ్మా. షీట్లో నాడి ఎంతుంది?" అంది.

"ఎనభై నాలుగు మేడమ్. కానీ..."

"మరింకేం? మొదట విన్నది బిడ్డది, ఇప్పుడు విన్నది తల్లిది. నువ్వు తారుమారు చేసుకున్నావు. కాసిని నీళ్లు తాగి మళ్లీ విను."

ఆ లెక్కలో ఎక్కడా తప్పు లేదు. లెక్కకు ఎక్కిన అంకె ఒక్కటే అబద్ధం. కెజియాకు "విన్నావా, ఊరికే రాశావా" అన్న గొంతు ఎక్కడినుంచో వినిపించింది. తను పొరబడి ఉంటే? ఊరికే పొట్ట కోయించినదవుతుంది. పొరబడకపోతే ప్రతి నిమిషమూ ఆ బిడ్డదే.

"మేడమ్, ఆ ఎనభై నాలుగు ఎవరూ పట్టుకుని చూసింది కాదు. ఇప్పుడు నా వేళ్ల కింద నూట ముప్పై నాలుగు కొట్టుకుంటోంది."

"నర్సు చూడకుండా రాసిందంటావా?"

కెజియా జవాబు చెప్పేలోపు ఇందిరమ్మ చేయి చాచి ఫోను తీసుకుంది. ఇరవై రెండేళ్ల సర్వీసు ఆమెది.

"మేడమ్, నేను చూడలా. ఊరికే రాసినా. మీరు రండి."

ఐదు నిమిషాల్లో పెద్ద డాక్టరమ్మ తడుచుకుంటూ వచ్చింది. ఒక చేత్తో నాడి పట్టుకుని, ఒక చేత్తో డాప్లర్ పెట్టి విని, మారు మాట లేకుండా థియేటర్ వైపు నడిచింది. మత్తు డాక్టరు వచ్చేసరికి ఇంకో పదిహేను నిమిషాలు పట్టింది. ఆ పదిహేను నిమిషాలూ కెజియా ఆ దూరపు తలుపు చప్పుడు వింటూనే నిలబడింది. ఎనభై. డెబ్బై ఆరు. డెబ్బై.

పొట్ట కోయగానే పచ్చని నీళ్లు వచ్చాయి. బిడ్డ మెడకు పేగు రెండు చుట్లు చుట్టుకుని ఉంది. ఆడపిల్ల. కదలలేదు, ఏడవలేదు. పిల్లల డాక్టరు ముక్కు మీద మాస్కు పెట్టి గాలి కొడుతుంటే, కెజియా బొడ్డు మొదట్లో రెండు వేళ్లు పెట్టి కూర్చుంది. యంత్రం వైపు చూడలేదు. అరవై. ఎనభై. నూట పది. మూడో నిమిషంలో పిల్లికూన మూలిగినట్టు ఒక ఏడుపు వచ్చింది.

బయట పోలేరమ్మ ఒకటే అడిగింది. "దొరికినాదా?"

"దొరికింది పెద్దమ్మా."

చేతులు కడుక్కుంటున్నప్పుడు చిల్లకూరు తల్లి గుర్తుకొచ్చింది. కెజియా కుళాయి కట్టడం మరిచిపోయింది. ఆమె షీట్లోని ఎనభై నాలుగు కూడా ఎవరూ పట్టుకుని చూసింది కాదు. ఆ రోజు ఆ గదిలో ఇంకెవరూ లేరు. లోపల రెండు రోజులుగా ఆగిన బిడ్డ, పైన జ్వరంతో పరిగెత్తుతున్న తల్లి గుండె. ఆ తల్లి తన గుండె చప్పుడే విని, నా బిడ్డ బాగున్నాడని నవ్వుకుంది. ఏడాదిన్నర ఎవరిదో తెలియని చప్పుడుకు కెజియా భయపడింది. ఎవరిదో తెలిశాక ఆ భయం తగ్గలేదు. దుఃఖంగా మారింది, అంతే.

ఇప్పుడామె మూడో ఏడాది. ఆమె డ్యూటీలో ఉంటే షీట్లలో డెబ్బై ఒకట్లు, తొంభై ఆరులు, నూట మూడులు కనిపిస్తాయి. ఎక్కడైనా ఎనభై నాలుగు కనబడితే తనే వెళ్లి మణికట్టు పట్టుకుంటుంది. చిన్న పీజీలు చాటున ఆమెను "ఎనభై నాలుగు మేడమ్" అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

మా పాప ఆమె చేతుల్లోనే పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే రోజు నేను రాసుకున్న కాగితం ఆమెకు చూపించాను. పాప నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోంది, నిద్రలో ఎన్ని క్షణాలు ఆగి తీస్తోంది, అన్నీ అందులో ఉన్నాయి. కెజియా ఆ కాగితం మొత్తం చదివి, మడిచి నాకే ఇచ్చి, ఇదంతా అప్పుడే చెప్పింది. చివరికి ఇలా అంది:

"బిడ్డకేదో అయిందని భయం వేసినప్పుడు, ముందు మీ మణికట్టు పట్టుకుని ఒక నిమిషం లెక్కపెట్టండి. ఆ పరుగు మీది. అది మీదని తెలిశాకే బిడ్డ మీద చెయ్యి వేయండి."

నేనిప్పుడు అలాగే చేస్తున్నాను.