వెంకటవ్వకు తెలిసిన ఒక్క ఇంగ్లీషు మాట

వెంకటవ్వ కొత్త పెళ్ళికూతురుగా సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి, లింబాయత్‌లోని ఒకే గల్లీలో ముసలిదైంది. భర్త ఆగయ్య మరమగ్గాల మీద పనిచేసేవాడు. ఒకరోజు మగ్గం దగ్గరే కూలిపోయాడు. డాక్టరు "పెరాలిసిస్" అన్నాడు. వెంకటవ్వ నేర్చుకున్న ఇంగ్లీషు మాట అదొక్కటే. ఏళ్ళ తరబడి ఆయనను పక్కలకు తిప్పింది, గంజి తాగించింది, మాట పడిపోయినా ఏం కావాలో కళ్ళను చూసి కనిపెట్టింది. ఆయన పోయాక బాబిన్లకు దారం చుట్టి కొడుకు పరమేశ్‌ను పెంచింది.

పరమేశ్ పెద్దవాడై సూరత్ పక్కనే ఉన్న పల్సానాలో బట్టలకు రంగులద్దే మిల్లులో చేరాడు. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఏప్రిల్లో అతనికి జ్వరం పట్టుకుంది. ఊపిరి ఆడకపోవడంతో ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. తన కాళ్ళ మీద తనే నడిచి లోపలికి వెళ్ళాడు. తల్లిని గేటు దగ్గరే ఆపేశారు.

ఆ తర్వాత ఆసుపత్రి నుంచి వచ్చే ఫోన్లే దిక్కయ్యాయి. డాక్టరు హిందీలో మొదలుపెట్టి ఇంగ్లీషులోకి జారిపోయేవాడు. వెంకటవ్వకు వచ్చిన కార్ఖానా హిందీ అందుకు చాలేది కాదు. పక్కింటి అనురాధ ఇంగ్లీషు చదువుకున్నది, ట్యూషన్లు చెప్పేది. ఆమే స్పీకర్ పెట్టి, విని చెప్పేది. "సెడేట్ చేశాం" అంటే నిద్రమందు ఇచ్చారని చెప్పింది. వెంకటవ్వ కాస్త కుదుటపడింది. దగ్గుతో వాడికి కంటిమీద కునుకే లేదని, ఇప్పుడైనా పడుకోనిమ్మని అంది.

మర్నాడు మళ్ళీ ఫోను వచ్చింది. వెంటిలేటర్ పెట్టామని, పేషెంట్‌ను పెరలైజ్ చేశామని డాక్టరు చెప్పాడు. అనురాధ మెషిన్ సంగతి చెప్పి, రెండో మాట దాటేయబోయింది.

వెంకటవ్వ ఆమె చేయి పట్టుకుంది.

"పెరాలిసిస్ అన్నడు గదా బిడ్డా. ఆ మాట నాకెరికే."

"గది వేరే, అవ్వా. మెషిన్ గాలిస్తుంటె ఒళ్ళు అడ్డం తిరుగొద్దని మందిచ్చి కదలకుండ జేసిన్రు. మందు ఆపితే మల్ల కదులుతడు."

"నడ్సుకుంట పోయిన పిలగాన్ని వాళ్ళే గిట్ల జేసిన్రా?"

వాడిని పక్కకు తిప్పుతున్నారో లేదో అడగమంది వెంకటవ్వ. తిప్పుతున్నామని డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. ఒళ్ళు కదలకపోయినా ఆగయ్యకు అన్నీ వినపడేవి. కొడుక్కీ వినపడుతుందని ఆమె నమ్మకం. ఫోను వాడి చెవి దగ్గర పెట్టమని బతిమాలింది. ఒక నర్సు పెట్టింది.

"పరమేశా, అవ్వను రా. కదులుతలేనని పరేషాన్ గాకు. మందే నిన్ను ఆపింది, నీకేం గాలే. జర ఓర్సుకో."

ఆపైన, పొద్దున నల్లాలో నీళ్ళు వచ్చాయని, వాడి చొక్కాలు ఉతికి ఆరేశానని చెప్పింది. అవతల మెషిన్ చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆ తర్వాతి ఫోనులో డాక్టరు ఇంగ్లీషు మాట్లాడలేదు. గుజరాతీలో అమ్మను పిలిచినట్టు "బా" అని పిలిచి, హిందీలో ఒక చిన్న మాట చెప్పాడు. దాన్ని ఎవరూ విప్పి చెప్పనక్కర లేకపోయింది.

శ్మశానం బయట అంబులెన్సులు బారులు తీరి ఉన్నాయి. మూటకట్టిన కొడుకును దూరం నుంచే చూపించారు. ముఖం చూడనివ్వలేదు.

దినాలు అయిపోయాక ఒక మధ్యాహ్నం ఆమె అనురాధ గడపలో కూర్చుని అడిగింది.

"వాడు ఇన్నడంటవా, బిడ్డా?"

అంత మత్తులో ఉన్న మనిషికి ఏం వినపడుతుందో అనురాధకు తెలియదు. విన్నాడని అంటే ఆ తల్లికి కాస్త ఊరట. కానీ అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"తెల్వది, అవ్వా."

వెంకటవ్వ తల ఊపింది. అన్నాళ్ళూ బయటికి ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. ఎప్పుడూ మోగే గల్లీలోని మగ్గాలు ఆగిపోయి ఉన్నాయేమో, ఆ ఏడుపు గల్లీ చివరిదాకా వినపడింది.